బైరన్‌ని వెలేసిందెవరు

దేశం నుంచి తరిమేస్తే పోయేవాడెవడైనా 500 పౌండ్లు పెట్టి, వాటర్లూ యుద్ధంలో ఓడి పారిపోతూ నెపోలియన్ వదిలేసిన గుర్రపు బండికి అచ్చంగా నకలు చేయించుకుని, లోపల పడుకోడానికి పరుపు, పుస్తకాలకి అరలు, భోజనానికి సరంజామా అన్నీ పెట్టించుకుని, వెంట ఒక సొంత డాక్టర్ని కూడా తీసుకుని పోతాడా? ఇంగ్లిష్ కవి లార్డ్ బైరన్ అలాగే పోయాడు. 1816 ఏప్రిల్ 25న డోవర్ రేవులో ఓడెక్కాడు, మళ్ళీ ప్రాణంతో ఇంగ్లాండు మొహం చూళ్ళేదు. బండి చేసినవాడికి డబ్బులు మాత్రం అప్పటికి ఇవ్వలేదు. ఆయన లండన్‌లో ఇల్లు కదిలాడో లేదో అప్పులవాళ్ళ తరఫు మనుషులు లోపలికొచ్చి దొరికిందల్లా జప్తు చేసేశారు, పెంపుడు పిట్టల్ని, ఉడతని కూడా వదల్లేదని స్నేహితుడు హాబ్‌హౌస్ డైరీలో రాసుకున్నాడు. డోవర్‌లోనేమో ఈ మహాపాపిని ఒక్కసారి దగ్గర్నుంచి చూద్దామని పెద్దింటి ఆడవాళ్ళు పనిమనుషుల బట్టలేసుకుని సత్రంలో నిలబడ్డారట.

నేను డిగ్రీలో ఇంగ్లిష్ లిటరేచర్ చదివాను, గుంటూరులో. మాకు చెప్పిన లెక్చరర్ గారు షెల్లీ మీద గంట చెప్పి బైరన్ మీద పది నిమిషాలు చెప్పి, మిగతాది మీ వయసుకి అనవసరం అని నవ్వి గైడు మూసేసేవారు. ఆ వయసులో ఆ మాటంటే ఇంకేముంది, ఆ మిగతాదేంటో తెలుసుకోడం కోసమే లైబ్రరీకి వెళ్ళినవాళ్ళం మేం నలుగురం. మాకు దొరికిన బైరన్ ఏ సినిమా హీరోకీ తీసిపోడు. కుంటి కాలు, అందం, వందలమంది ఆడవాళ్ళు, లోకం వెళ్ళగొడితే సముద్రాలు ఈది, ఆఖరికి పరాయి దేశం స్వాతంత్ర్యం కోసం 36 ఏళ్ళకే చచ్చిపోయినవాడు. హాస్టల్ గోడ మీద ఆయన బొమ్మ అంటించిన ఘనత నాదే. ఇరవై ఏళ్ళ తర్వాత, మా అమ్మాయికి ఐదేళ్ళప్పుడు, ఆయన ఉత్తరాలు మొదలుపెట్టి ఒక వేసవంతా చదివాను. మొదటి సగం పడీపడీ నవ్వాను, ఎందుకంటే ఇంగ్లిష్‌లో అంత సరదాగా ఉత్తరాలు రాసినవాళ్ళు తక్కువ. తర్వాత ఒక చోట ఆగిపోయాను, ఆ చోటు గురించి కిందకెళ్ళాక చెప్తాను.

ముందు ఈ ‘ప్రవాసం’ అనే మాట సంగతి తేల్చుకోవాలి. ఏ పుస్తకం తీసినా ‘బైరన్ ఎగ్జైల్’ అనే ఉంటుంది, ఆయన కూడా తన గురించి అలాగే చెప్పుకున్నాడు. కానీ ఎవరూ ఆర్డరివ్వలేదు, ఏ కోర్టూ శిక్ష వెయ్యలేదు, లార్డుల సభలో ఆయన సీటు ఆయనకే ఉంది. మన భాషలో దీనికి కరెక్ట్ మాట ఉంది, వెలి. మా తాతగారి రోజుల్లో ఊళ్ళో ఎవరినైనా వెలేస్తే కాయితం మీద ఏమీ ఉండేది కాదు, నిప్పూ నీళ్ళూ బంద్, చాకలి రాడు, మంగలి రాడు, పెళ్ళికి పిలుపు రాదు, అంతే. ఎవరు వేశారయ్యా అనడిగితే ఊరంతా అంటారు తప్ప ఫలానా వాడని చెప్పరు. లండన్‌లో అదే జరిగింది, కాకపోతే నిప్పూ నీళ్ళకి బదులు విందులు.

కథ క్లుప్తంగా చెప్పేస్తాను, తెలిసినవాళ్ళు ఈ పేరా దాటేయొచ్చు. 1812 మార్చిలో ‘చైల్డ్ హెరాల్డ్’ మొదటి రెండు భాగాలు వచ్చి రాత్రికి రాత్రి సెలబ్రిటీ అయిపోయాడు. 1814లో ‘ది కోర్సేర్’ అనే కావ్యం మొదటి రోజే 10,000 కాపీలు అమ్ముడుపోయింది, కవిత్వం పుస్తకం అండీ, మన కవులకి చెప్తే నమ్మరు. లేడీ కరోలిన్ లాంబ్‌తో ఊరంతా తెలిసిన ప్రేమ వ్యవహారం, తర్వాత ఆవిడ పగ. సవతి అక్క అగస్టాతో సంబంధం. ఇవన్నీ ఉండగానే 1815 జనవరి 2న అనబెల్లా మిల్‌బ్యాంక్‌ని పెళ్ళి చేసుకున్నాడు, లెక్కలంటే ఇష్టపడే, పద్ధతిగా ఉండే అమ్మాయి. అదే ఏడాది డిసెంబర్ 10న కూతురు ఏడా పుట్టింది, నెల తిరిగాక తల్లి బిడ్డని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయి మళ్ళీ రాలేదు. ఇంట్లో తాగుడు, అప్పులవాళ్ళు, అరుపులు. ఆవిడ వెళ్ళిపోవడంలో తప్పేం లేదని నా ఉద్దేశం, ఆ ఇంట్లో ఏడాది ఉందంటేనే గొప్ప. ఏప్రిల్ 8న లేడీ జెర్సీ ఇంట్లో విందుకి బైరన్, అగస్టా కలిసి వెళ్తే వచ్చినవాళ్ళు మొహాలు తిప్పేసుకున్నారు. ఏప్రిల్ 21న విడిపోయే కాయితం మీద సంతకం పెట్టాడు, నాలుగు రోజులకి ఓడెక్కాడు.

ఇక్కడ నా వాదనకి నేనే అడ్డం పడాలి. వెలే కదా, కాస్త ఓపిక పట్టి ఉండిపోతే ఏడాదిలో అందరూ మర్చిపోయేవాళ్ళు కదా అని నేను కూడా అనుకునేవాణ్ణి. కానీ ఆ పుకార్లలో అక్కతో సంబంధం ఒక్కటే లేదు. మగవాళ్ళతో సంబంధాల సంగతి కూడా కరోలిన్ లాంబ్ చెవుల్లో వేస్తూ తిరిగింది, అది పూర్తిగా అబద్ధం కూడా కాదు, కేంబ్రిడ్జ్‌లో కోయర్‌లో పాడే కుర్రాడు ఎడిల్‌స్టన్ దగ్గర్నుంచి 1810లో ఏథెన్స్‌లో నికోలో అనే అబ్బాయి దాకా ఉన్నారు. అప్పటి ఇంగ్లాండులో మగవాడు మగవాడితో పడుకున్నాడని రుజువైతే ఉరి. పుస్తకంలో ఉన్న చట్టం మాత్రమే అనుకోకండి, ఆఖరిసారి ఇద్దర్ని ఉరి తీసింది 1835లో, అంటే బైరన్ పోయిన పదకొండేళ్ళకి. కాబట్టి ఆ 500 పౌండ్ల బండి వెనకాల ఒక ఉరితాడు నీడ ఉంది, దాన్ని కొట్టిపారెయ్యలేను. మా గైడులో ఈ ముక్క ఎక్కడా లేదు, ‘సమాజం ఆయన్ని అర్థం చేసుకోలేదు’ అని ఉంది.

అయినా సరే, ఆ వెలి ఆయనకి చేసినంత మేలు ఇంకేదీ చెయ్యలేదనే అంటాను. 1816కి ముందు బైరన్ రాసిందాంట్లో ఇవ్వాళ సరదాకి కూచుని చదవగలిగింది ఎంత? ఒకటే మూస. నల్లటి కోటు, గుండెలో ఏదో రహస్య పాపం, కొండ అంచున నిలబడి సముద్రంలోకి చూడటం. జనం ఎగబడి కొన్నారు, ఆయన అమ్మాడు. లండన్ విందుల్లోనే ఉండిపోయి ఉంటే అదే కావ్యం ఇంకో పది పేర్లతో రాసి ఉండేవాడు. ఇటలీ వెళ్ళాక ఎనిమిది పాదాల ఇటాలియన్ ఛందస్సు చేతికి దొరికింది, దాంట్లో ఎవరైనా కబుర్లు చెప్పినట్టు, మధ్యలో దారి తప్పి, మళ్ళీ తిరిగొచ్చి, చివరి రెండు పాదాల్లో మొట్టికాయ వేసినట్టు రాయొచ్చని కనిపెట్టాడు. ‘డాన్ హువాన్’ అలా పుట్టింది. 1819లో మొదటి రెండు భాగాలు అచ్చేసినప్పుడు కవి పేరు లేదు, పబ్లిషర్ పేరూ లేదు, అంత భయం వేసింది మర్రేకి. ఆడవాళ్ళని పడేసే హువాన్ పాత కథని తిరగేసి, ఆడవాళ్ళ చేతుల్లో పడి కొట్టుకుపోయే అమాయకుణ్ణి చేశాడు, ఇంగ్లాండు ఆచారాల్ని, అధికారుల్ని, యుద్ధాల్ని, సాటి కవుల్ని, తనని తాను, అందర్నీ ఏకేశాడు. దూరంగా ఉంటేనే అది సాధ్యం. పక్కింటివాళ్ళ గురించి పక్కింట్లో ఉండి అలా రాయలేం కదా.

చిన్న పక్కదారి. మన భావకవులు ఇంగ్లిష్ రొమాంటిక్స్‌ని ఎంత ప్రేమించారో తెలిసిందే, కృష్ణశాస్త్రి గారిని ఆంధ్రా షెల్లీ అన్నాం. ఆంధ్రా బైరన్ అని ఎవరినైనా అన్నట్టు నేను వినలేదు. నాకు తోచిన కారణం ఏంటంటే మనం వాళ్ళ దగ్గర్నుంచి నిట్టూర్పు తెచ్చుకున్నాం, వెక్కిరింత తెచ్చుకోలేదు. బైరన్ సగం నిట్టూర్పు సగం వెక్కిరింత, పైగా తన నిట్టూర్పుని తనే మర్నాడు వెక్కిరిస్తాడు, అలాంటివాణ్ణి ఆదర్శంగా పెట్టుకుని విరహగీతం ఎలా రాస్తాం?

సరే, అసలు అందరూ అడిగే చాప్టర్‌కొస్తే, వెనిస్. అక్కడ తనకి రెండొందలమంది ఆడవాళ్ళతో సంబంధం ఉందని స్నేహితులకి ఉత్తరంలో డబ్బా కొట్టుకున్నాడు. మగవాడు మగవాడికి రాసే ఉత్తరంలో ఇలాంటి లెక్కలు ఎంతవరకు నమ్మాలో మీకు నేను చెప్పక్కర్లేదు. బట్టల వ్యాపారి భార్య మరియానా, రొట్టెలు కాల్చేవాడి పెళ్ళాం మార్గరీటా, ఈవిడైతే గొడవపడి ఏకంగా ఆయన ఇంట్లోనే చేరిపోయింది, పొమ్మంటే కాలవలోకి దూకింది, బయటకి తీశారు. ఇదే టైములో ఊరి పక్కన సాన్ లాజరో అనే చిన్న లంకలో అర్మేనియన్ సన్యాసుల మఠానికి పడవేసుకెళ్ళి అర్మేనియన్ నేర్చుకున్నాడు, వ్యాకరణం పుస్తకానికి సాయం కూడా చేశాడు. రాత్రి ఒక మనిషి పగలు ఒక మనిషి. లీడో నుంచి గ్రాండ్ కెనాల్ చివరిదాకా ఈత పందెం వేసి ఇటాలియన్ సైనికుణ్ణి ఓడించాడు. ఈత మాత్రం ఆయన సాహసాలన్నిట్లో నాకు నిజంగా నచ్చేది. 1810 మే 3న యూరప్‌కీ ఆసియాకీ మధ్య హెలెస్పాంట్ జలసంధిని గంటా పది నిమిషాల్లో ఈదాడు, ఏ యుద్ధం గెలిచినవాడికీ అంత గొప్ప ఉండదేమో, బతికున్నంతకాలం ప్రతివాడికీ చెప్పుకున్నాడు. నేల మీద నడిస్తే జనం కాలు వంక చూస్తారు, నీళ్ళలో ఎవడు చూస్తాడు.

1819లో తెరెసా గ్విచ్చోలి కనబడింది. ఆవిడకి ఇరవైలోపు, మొగుడు కౌంట్ గ్విచ్చోలి ఆవిడ కంటే సుమారు నలభై ఏళ్ళు పెద్ద. రవెన్నాలో జరిగింది ఎవరైనా కల్పించి రాస్తే అతి అంటారు. ఆ మొగుడిగారి మేడలోనే పై అంతస్తు బైరన్ అద్దెకి తీసుకున్నాడు, కింద మొగుడూ పెళ్ళాం, పైన ప్రియుడు, అద్దె వసూలు. అక్కడి పెద్దింటి ఆచారంలో పెళ్ళైనావిడకి వెంట తిరగడానికి ఒక మర్యాదస్తుడు ఉండొచ్చు, దానికి రూల్సున్నాయి, శాలువా పట్టుకోవాలి, విసనకర్ర అందించాలి, ఇంగ్లాండు మొత్తాన్ని గడగడలాడించిన పాపిష్టి కవి బుద్ధిగా శాలువా మోశాడు. షెల్లీ 1821 ఆగస్టులో చూడ్డానికొచ్చి ఆ ఇంట్లో పది గుర్రాలు, ఎనిమిది పెద్ద కుక్కలు, మూడు కోతులు, ఐదు పిల్లులు, ఒక గద్ద, ఒక కాకి, ఒక డేగ ఉన్నాయని, గుర్రాలు తప్ప అన్నీ ఇంట్లో యజమానుల్లా తిరుగుతున్నాయని రాసి, ఉత్తరం మూసేలోపు మెట్ల మీద ఐదు నెమళ్ళు, రెండు గినీకోళ్ళు, ఒక ఈజిప్టు కొంగ కూడా ఎదురయ్యాయని కింద జోడించాడు.

నవ్వుకున్నాం కదా, ఇప్పుడు ఈ కథలో ఉన్నవాళ్ళలో నిజమైన ప్రవాసం ఎవరిదో చూడండి. తెరెసా నాన్న, తమ్ముడు పియెత్రో గాంబా, ఆస్ట్రియా పెత్తనానికి ఎదురుతిరిగే కార్బొనారి అనే రహస్య సంఘంలో మనుషులు. బైరన్ కూడా చేరాడు, ఆయుధాలు కొనిచ్చాడు, అవి ఇంట్లోనే దాచాడు. 1820 డిసెంబర్‌లో ఇంటి ముందే ఊరి సైనికాధికారిని ఎవరో కాల్చేస్తే, అందరూ దగ్గరకెళ్ళడానికి భయపడుతుంటే తనే పైకి మోయించి పడుకోబెట్టాడు, ఆయన అక్కడే పోయాడు, ఇది మటుకు నిజంగా మంచి పని, శత్రుపక్షం మనిషి కూడా. తిరుగుబాటు 1821లో చప్పబడిపోయింది. అప్పుడు ప్రభుత్వం ఎవర్ని వెళ్ళగొట్టింది? గాంబాలని. కాయితం మీద, ఆర్డర్‌తో, ఇన్ని రోజుల్లో ఊరు వదలాలని. తెరెసా అప్పటికే మొగుడి నుంచి పోప్ అనుమతితో విడిపోయింది, తండ్రి ఇంట్లోనే ఉండాలని షరతు, కాబట్టి ఆవిడా పోవాలి. బైరన్ ఇంగ్లిష్ లార్డు, ఆయన్ని ముట్టుకుంటే గొడవ, ఆయన మీద కోపం వాళ్ళ మీద తీర్చుకున్నారు. ఏడాది తిరక్కుండా టస్కనీ నుంచి కూడా వాళ్ళని గెంటేశారు. బైరన్ జీవితంలో ఎగ్జైల్ అనే మాట చట్టప్రకారం సరిపోయేది ఈ కుటుంబానికే, ఏ సిలబస్‌లోనూ వాళ్ళ పేరు రాదు.

ఇక నేను ఆగిపోయిన చోటు. 1816 వేసవిలో జెనీవా సరస్సు ఒడ్డున, విల్లా డియొడాటిలో బైరన్, పక్కన షెల్లీ, మేరీ. ముందటేడు తంబోరా అగ్నిపర్వతం పేలి ఆ ఏడు ఎండే లేదు, వానకి ఇంట్లో ఇరుక్కుని దెయ్యాల కథలు రాద్దామనుకుంటే మేరీ నవల ‘ఫ్రాంకెన్‌స్టైన్’ పుట్టడం, ఇది అందరూ చెప్పే కథ. ఆ గుంపులో ఇంకొకావిడ ఉంది, మేరీకి మారుటి చెల్లెలు క్లేర్ క్లేర్‌మాంట్, పద్దెనిమిదేళ్ళు. లండన్‌లో బైరన్‌కి తనే ఉత్తరాలు రాసి పరిచయం చేసుకుంది, కడుపుతో ఉంది. 1817 జనవరి 12న ఆడపిల్ల. ఏడాది దాటాక పిల్లని తండ్రి దగ్గరకి పంపారు, లార్డు గారి కూతురంటే రేపు బాగుంటుందని. బైరన్ అలెగ్రా అని పేరు పెట్టాడు. ఆ పేరుకి అర్థం సంతోషం. క్లేర్‌ని మాత్రం ఇంటికి రానివ్వలేదు, 1818 తర్వాత ఆవిడ కూతుర్ని మళ్ళీ చూడనే లేదు. చేతులు మారి చేతులు మారి, నౌకర్ల దగ్గర, కాన్సల్ ఇంట్లో పెరిగిన పిల్లని, నాలుగేళ్ళకి, 1821 మార్చిలో, రవెన్నాకి పన్నెండు మైళ్ళ దూరంలో బాన్యకవాల్లో అనే ఊరి కాన్వెంట్‌లో వేశాడు. వద్దు, అక్కడ వాతావరణం మంచిది కాదు, పిల్ల తట్టుకోలేదు అని క్లేర్ ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. ఆయన వినలేదు.

షెల్లీ వెళ్ళి చూశాడు. మెడలోకి బంగారు గొలుసు, బుట్టెడు మిఠాయిలు తీసుకెళ్తే పిల్ల తను తినకముందే అక్కడి సన్యాసినులకి పంచింది. నాన్నకి ఏం చెప్పమంటావమ్మా అంటే ఒక ముద్దు పంపమను, పట్టుతో బంగారంతో మంచి గౌను పంపమను అంది. తర్వాత తనే ఇటాలియన్‌లో ఒక ఉత్తరం రాసింది, సన్యాసినులు చేయి పట్టి రాయించి ఉంటారు. ఊళ్ళో తిరనాళ్ళు వచ్చాయి నాన్నా, నువ్వు ఒక్కసారి రావాలని ఉంది, నాకు చాలా కోరికలున్నాయి, నిన్ను ఇంత ప్రేమించే నీ అలెగ్రీనా మాట తీర్చవా అని సారాంశం. బైరన్ దాన్ని చూసి ఏమన్నాడో తెలుసా, మనసులోంచి వచ్చిందే కానీ నాకేం పొగడ్త కాదు, తిరనాళ్ళు కాబట్టి నన్ను చూడాలంటోంది, నాన్న చేత బెల్లం బిళ్ళలు కొనిపించుకోడానికి. ఆయన జింజర్‌బ్రెడ్ అన్నాడనుకోండి. వెళ్ళలేదు. పన్నెండు మైళ్ళు, పది గుర్రాలు. ఆమె కాన్వెంట్‌లో ఉన్నంతకాలం ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

మాది నరసరావుపేట పక్క. కోటప్పకొండ తిరనాళ్ళకి మా నాన్న పొలం పనులు వదిలేసి నన్ను భుజాన ఎక్కించుకుని ప్రభలు చూపించినవాడు, చేతిలో డబ్బుల్లేకపోయినా ఖర్జూరాలు కొనకుండా వెనక్కి వచ్చిన ఏడాది లేదు. ఆ ఉత్తరం చదివినరోజు పుస్తకం పక్కన పెట్టేసి, పడుకున్న మా అమ్మాయి పక్కన కాసేపు ఊరికే కూచున్నాను. తర్వాత రెండు నెలలు బైరన్ జోలికి పోలేదు.

1822 ఏప్రిల్ 20న అలెగ్రా జ్వరంతో పోయింది, ఐదేళ్ళ మూడు నెలలు. ఆ కాలపు తండ్రులంతా అంతేనండీ, పెద్దింట్లో పిల్లల్ని ఆయాలు పెంచేవారు అని ఆయన్ని వెనకేసుకొచ్చేవాళ్ళుంటారు. ఆ కాలంలోనే ఉన్న షెల్లీకి గొలుసు కొనాలని తోచింది కదా. ఆయన కాలంలోనే ఉన్న క్లేర్‌కి పిల్ల బతకదని తెలిసింది కదా. పైగా డబ్బూ పలుకుబడీ లేని క్లేర్ తననేం చెయ్యలేదని తెలిసే బైరన్ ఇలా చేశాడు. ఆనాటి చట్టంలో పెళ్ళిలో పుట్టిన పిల్ల మీద హక్కు తండ్రిదే, అయినా ఏడాని ఇమ్మని అడగలేదు, ఎందుకంటే అటువైపు అనబెల్లాకి లాయర్లున్నారు, డబ్బుంది. సమాజం నన్ను వెలేసిందని కావ్యాలు రాసినవాడు ఒక పద్దెనిమిదేళ్ళ అమ్మాయిని, ఒక నాలుగేళ్ళ పిల్లని ఎంత సులువుగా వెలేశాడో చూస్తే నాకు ఆ కొండ అంచు నిట్టూర్పులన్నీ చేదెక్కాయి.

మరి టర్కీ పాలన మీద తిరగబడ్డ గ్రీసుకి సాయంగా వెళ్ళాడే, దాని సంగతి? ఇక్కడే ఈ మనిషితో చిక్కు. 1823 జులైలో జెనోవా నుంచి హెర్క్యులిస్ అనే ఓడలో బయల్దేరేటప్పుడు కూడా పాత నాటకాలు పోలేదు, హోమర్ కావ్యాల్లో వీరుల్లాంటి బంగారు పూత శిరస్త్రాణాలు చేయించుకున్నాడు, వాటిని పెట్టుకోడానికి స్నేహితుడు ట్రెలానీ ఒప్పుకోకపోతే మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు. ఈ బాపతు మనిషి అక్కడికెళ్ళి గుర్రమెక్కి కత్తి దూస్తాడని ఎవరైనా అనుకుంటారు. ఆయన చేసిందేంటంటే కెఫలోనియా లంకలో నెలల తరబడి ఆగి, గ్రీకుల్లో ఏ వర్గం ఎవరితో కొట్టుకుంటోంది, ఎవడికి డబ్బిస్తే ఎవడి జేబులోకి పోతుందని ఆరా తీశాడు. తర్వాత గ్రీకు ఓడలు కదలడానికి సొంత డబ్బు 4,000 పౌండ్లు అప్పుగా ఇచ్చాడు. 1824 జనవరి 5న ఎర్రటి యూనిఫాంలో మిస్సొలాంగిలో దిగాడు. ఊరంటే ఊరు కాదు, ఉప్పు కయ్య పక్కన బురద, వాన, దోమలు. సూలియట్లు అనే కొండ ప్రాంతపు యోధుల్ని 500 మందిని జీతానికి పెట్టుకున్నాడు, వాళ్ళేమో లేనివాళ్ళ పేర్లు చెప్పి జీతాలడగడం, తమలో తాము కొట్టుకోవడం, ఒకడు ఏకంగా ఆయుధశాల దగ్గర స్వీడన్ ఆఫీసర్ని చంపేశాడు. లెపాంటో కోట మీద దాడి అనుకున్నది ఆగిపోయింది. బైరన్ ఫిట్స్ వచ్చి మంచాన పడుంటే మట్టి కాళ్ళతో గదిలోకొచ్చి జీతాలెప్పుడని అరిచారు. ఒక ఇంగ్లిష్ కర్నల్‌కి తుపాకుల కంటే పత్రిక అచ్చేయడం ముఖ్యం. అందరి మధ్యలో కూచుని లెక్కలు చూడటం, రాజీలు చెయ్యడం, ఉత్తరాలు రాయడం, ఇదే బైరన్ ఆఖరి వంద రోజుల సాహసం. ఒక్క తూటా పేల్చి యుద్ధం చెయ్యలేదు.

నాకు ఆయన మీద మళ్ళీ గౌరవం పుట్టింది సరిగ్గా అందుకే. కత్తి పట్టి చావడానికి ముందుకొచ్చిన కుర్రాళ్ళు యూరప్ నిండా ఉన్నారు. నెలాఖరుకి అందరికీ జీతం అందిందా అని చూసేవాడే కావాలి, ఆ పని ఈ విలాస పురుషుడు చేశాడు, విసుక్కుంటూ, వెక్కిరిస్తూ, వదలకుండా. మొదటి నెలలోనే పట్టుబడ్డ టర్కులని విడిపించి వాళ్ళ పాషా దగ్గరకి పంపి, మీ దగ్గరున్న గ్రీకు ఖైదీల్ని కూడా మనుషుల్లా చూడండని ఉత్తరం రాశాడు, తర్వాత ఆడవాళ్ళు పిల్లలతో సహా ఇరవైమందికి పైగా పంపాడు. ఆ ఖైదీల్లో ఎనిమిది తొమ్మిదేళ్ళ టర్కీ పిల్ల హతాజే ఉంది, ఆ పిల్లని దగ్గర పెట్టుకుని బట్టలు కుట్టించి, పెంచుకుంటానని, లేదంటే ఇంగ్లాండులో ఏడా దగ్గరకి పంపుతానని ఉత్తరాల్లో ప్లాన్లు వేశాడు. ఇది చదివినప్పుడు నాకు అలెగ్రా గౌను గుర్తొచ్చింది. పశ్చాత్తాపమో కాదో ఆయన చెప్పలేదు. అదే రోజుల్లో లూకాస్ అనే పదిహేనేళ్ళ కుర్రాడి మీద మనసు పడి, వాడు పట్టించుకోక, ఆఖరి కవితలు వాడి కోసమే రాశాడు, జనవరి 22న పుట్టినరోజు కవిత ‘నా ముప్పై ఆరో ఏడు నిండింది’ అన్నది వీరుడి పాటలా చదివిస్తారు క్లాసుల్లో, నాకైతే అందులో సగం ఎవరూ తిరిగి ప్రేమించని నడివయసు మనిషే కనిపిస్తాడు.

ఏప్రిల్ 9న గాంబాతో గుర్రం మీద వెళ్ళి వానలో తడిసి జ్వరం తెచ్చుకున్నాడు. డాక్టర్లు రక్తం తీస్తామంటే రోజుల తరబడి వద్దన్నాడు, చివరికి మీరు కసాయివాళ్ళు, తీసుకోండి అని చెయ్యి చాపాడు. వాళ్ళు తీశారు, జలగలు పెట్టారు, మళ్ళీ తీశారు. ఏప్రిల్ 19న పోయాడు. ఊళ్ళో ఈస్టర్ పండగ ఆపేసి తెల్లారి 37 ఫిరంగులు పేల్చారు. బతికుండి గెలవలేని యుద్ధానికి ఆ చావు పనికొచ్చింది, యూరప్ అంతా గ్రీసు వైపు తిరిగింది, 1827లో నవారినో దగ్గర మూడు దేశాల ఓడలు టర్కీ నౌకాదళాన్ని ముంచేశాయి. ఏథెన్స్ పక్కన ఇవ్వాళ్టికీ వైరొనాస్ అని ఊరుంది, ఆయన పేరే. పియెత్రో గాంబా, ఆ వెలివేతకి గురైన కుటుంబం కుర్రాడు, గ్రీసులోనే ఉండిపోయి 1827లో అక్కడే పోయాడు, ఆ పేరుతో ఏ ఊరైనా ఉన్నట్టు నేనెక్కడా చదవలేదు.

లండన్‌లో వార్త తెలిసిన మూడో రోజున, మే 17న, పబ్లిషర్ మర్రే ఆఫీసులో కూచుని ఆయన ఆత్మకథ రాతప్రతిని నిప్పులో వేసి కాల్చేశారు, స్నేహితులే. కాల్చమన్న హాబ్‌హౌస్ దాన్ని చదవలేదు కూడా. శవం వచ్చాక, ఇంగ్లాండు పెద్ద కవుల్ని పెట్టే వెస్ట్‌మినిస్టర్ ఆబీ చర్చిలో చోటు ఇచ్చేది లేదన్నారు, నాటింగ్‌హామ్ దగ్గర హక్‌నల్ చర్చిలో పూర్వీకుల పక్కన పెట్టారు. 1852లో ఏడా కూడా 36 ఏళ్ళకే పోతే, నెల పిల్లప్పుడు తప్ప చూడని తండ్రి పక్కనే తనని పెట్టమని కోరుకుంది, పెట్టారు. ఆబీలో బైరన్ పేరుతో ఒక రాయి వెయ్యడానికి 1969 దాకా పట్టింది, 145 ఏళ్ళు.

అలెగ్రా శవాన్ని తండ్రి ఇంగ్లాండు పంపాడు. హారో స్కూల్లో చదివే రోజుల్లో అక్కడి కొండ మీద చర్చి ఆవరణలో ఒక సమాధి మీద గంటలు గంటలు కూచునేవాడు, ఆ చర్చి లోపల పిల్లని పెట్టి, గోడకి ఒక పలక కొట్టించాలని, దాని మీద బైబిల్లోంచి ‘నేను ఆమె దగ్గరకి వెళ్తాను, ఆమె నా దగ్గరకి తిరిగి రాదు’ అనే మాట చెక్కించాలని కోరాడు. పెళ్ళి కాకుండా పుట్టిన పిల్ల పేరు చర్చి గోడ మీద ఉంటే బడిపిల్లలు చెడిపోతారని చర్చి పెద్దలు ఒప్పుకోలేదు. గుమ్మం దగ్గర, పేరు లేకుండా పూడ్చారు. అక్కడ ఆమె పేరుతో చిన్న పలక పెట్టింది 1980లో, తండ్రికి ఆబీలో చోటు దొరికిన పదకొండేళ్ళకి. అది కూడా చర్చి లోపల కాదు, బయటే.